రెండించుల నీళ్ళు

పొదుపు ఖాతాల గిన్ని లావాదేవీలేందని
బ్యాంకు మెసేజి వచ్చిననాడు
నా ముందట ఐదు హెచ్‌పి మోటరు విప్పి ఉన్నది.
నల్లగ కాలిన తీగను ఉలితోని కొట్టి పీకుతున్న.
వార్నిష్ చేతులతోని ఫోను ముట్టలే.
కొడుకు చదివి చెప్పిండు:
"అమ్మా, నీది దుకాణమట. ఇప్పుడు తెలిసింది వాళ్ళకు."

పరకాల బస్టాండు ఎనుక
పద్నాలుగేండ్ల సంది చుడుతున్న.
మా అమ్మ నూలు కండెలు చుట్టింది,
నేను రాగితీగ.
చుట్ల లెక్క తప్పితే
ఆమెకు బట్ట వోయేది, నాకు మోటరు వోతది.

కరెంట్ ఖాతా తియ్యాలంట.
కరెంటు పనిజేసేదానికి కరెంటు ఖాతా!
పక్క టైర్ల షాపు యాకూబు నవ్విండు,
"షాకు కొడతది, జాగ్రత్తక్కా."
అతనికి కొట్టింది.
మూన్నెల్లకోసారి ఏదో కోత.
ఎందుకని అడిగితే కాగితం చూపెట్టిండ్రట,
కాగితం కింద అతని సంతకమే ఉన్నదట.

మొదలు టై కట్టిన పిలగాడొచ్చిండు.
పేరు శ్రీతేజ్. మంచోడే, చాయ్ తాగిండు.
గ్రీజు బల్ల మీద రంగుల కాగితం పరిచిండు:
వెండి, బంగారం, ఆపైన ఇంకేదో తెల్ల బంగారం.
"మేడం, బంగారం తీసుకోండి.
చెక్కులు ఎన్నైనా, డబ్బు ఎక్కడైనా.
లక్ష రూపాయల సగటు నిల్వ ఉంచితే చాలు."
చాలు అనే మాట ఎంత తేలికగ అన్నడో.

సగటు.
ఆ మాటను రాత్రి అన్నం ముందట పెట్టుకొని చూసిన.

యాసంగిల, మార్చి ఎండలల్ల,
వరి పొట్టకొచ్చి, వోల్టేజి పడిపోయి
ఊరూర మోటర్లు కాలుతయి.
ట్రాలీ ఆటోలల్ల పీనుగుల్లెక్క దిగుతయి నా ముందట.
అప్పుడు నిద్ర ఉండదు, పైసలూ ఉండయి,
అంత ఉద్దెర.
వడ్లు కాంటా అయినంక, ఆ బిల్లు పడ్డంక
ఒక్క వారంల అందరూ వస్తరు.
వానలు వడితే ఈగలు కొట్టుకుంట కూసునుడు.
నా సంవత్సరాన్ని పన్నెండుతోటి భాగిస్తే
వచ్చే అంకె ఏ నెలదీ కాదు.

తెల్లారి గవర్నమెంటు బ్యాంకు.
ఖాసిం సారు కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టిండు.
ఏ ఖాతా కావాలె అని అడగలే.
నెలకు చెక్కులెన్ని కోస్తవు?
వరంగల్ రాగితీగ షాపుకు రెండు, వార్నిష్‌కు ఒకటి.
నోట్లెన్ని, ఫోన్లెంత?
ముసలోళ్ళు నోట్లు, పిలగాండ్లు ఫోను.
ఓవర్‌డ్రాఫ్ట్ కావాల్నా?
అంటే?
లేని పైసలు వాడుకునుడు. మిత్తి ఉంటది.
అది తెల్సు సార్, పేరే కొత్తది.

అప్పుడు యాదికొచ్చింది
మొన్న ఒక రైతుతోని నేనన్న మాట:
నీ బోరుల రెండించుల నీళ్ళు,
పది హెచ్‌పి దించుతనంటవా?
నీళ్ళు గుంజి, అవి అయిపోతే గాలి గుంజి
మోటరే కాలుతది.
నీళ్ళు పెరగయి.
ఆయన అలిగి పోయిండు,
పక్కోని పొలంల పది ఉన్నదని.

చిన్నదే తీసుకున్న.
ఐదు వేల నిల్వ, ఏడాదికి యాభై చెక్కులు,
నోట్లు నెలకు ఇంతకంటె ఎక్కువ కడితే రుసుమన్న గీత.
ఆ గీతను రెండుసార్లు చదివించుకున్న,
యాకూబు ముఖం యాదికొచ్చి.
బంగారం కాగితం పారేయలే,
బేరింగుల డబ్బా కింద పెట్టిన.
అబద్ధమెందుకు, అప్పుడప్పుడు తీసి చూస్త.

ఫారం మీద ఒక గడి: వ్యాపార స్వభావం.
సర్వీసెస్ అని రాయుమన్నడు కొడుకు.
నా చేత్తోని రాసిన:
కాలినవి మళ్ళ చుట్టుట.
ఖాసిం సారు చదివిండు. కొట్టెయ్యలే.
పక్కన పెన్సిల్‌తోని చిన్నగ సర్వీసెస్ అని రాసుకున్నడు.

యజమాని అన్నకాడ బైరి సుగుణ.
దుకాణం బోర్డు మీద ఇంకా మా ఆయన పేరే.
ఆయన సూరత్‌ల మగ్గం నడుపుతడు.
పేరు మార్చెతందుకు ఆరు వందలడిగిండు పెయింటరు.
మొదటి చెక్కు అతనికే రాద్దామని
తేదీ కూడ ఏసి పెట్టిన.
"నోట్లే ఇయ్యక్కా" అంటుండు.